పేగు మానింది, నరం మరవలేదు

మైక్రోస్కోపు మీద కన్ను ఆనించండి. మొదట అంతా మసగ్గానే ఉంటుంది. పక్కనున్న మర నిదానంగా తిప్పండి. ఆ, అక్కడ ఆపండి.

గాజు పలక అడుగున ఒక చుక్క వేలాడుతోంది. గడ్డకట్టిన ప్లాస్మా అది. దాని నడుమ కోడిపిండం నుంచి తీసిన నరాల ముడి ఒకటి, కొంచెం ఎడంగా ఎలుక కణితి ముక్క ఒకటి. నిన్న ఈ రెంటినీ ఇలా అమర్చినప్పుడు ఆ ముడి బోడిగా ఉంది. ఇవాళ దాని ఒంటినిండా సన్నని పోగులు మొలిచి, నలువైపులా నిక్కబొడుచుకుని, అప్పుడే విచ్చుకున్న కదంబం పువ్వులా ఉంది. ఇంకాస్త పరీక్షగా చూడండి. పోగులు అన్ని దిక్కులా ఒకేలా లేవు. కణితి ఉన్న వైపు దట్టంగా ఉన్నాయి, అవతలి వైపు పల్చగా.

ఊరు రియో డి జనీరో. సంవత్సరం 1952. ప్రయోగశాల హెర్తా మేయర్‌ది. ప్రాణమున్న కణజాలాన్ని గాజు మీద పెంచడంలో ఆవిడది అందెవేసిన చెయ్యి. మీరెప్పుడు లేస్తారా, మళ్లీ ఎప్పుడు చూద్దామా అని మీ భుజం వెనక ఆత్రంగా నిలబడ్డ నలభై మూడేళ్ల ఇటలీ డాక్టరు పేరు రీటా లెవీ-మోంటాల్చినీ. కణితులున్న రెండు ఎలుకలను చిన్న అట్టపెట్టెలో దాచుకుని అమెరికా నుంచి విమానంలో వచ్చారు. కణితి ముక్క ముడిని తాకనైనా తాకలేదు. అయినా నరాలు దానివైపు పరుగు తీశాయి. అంటే కణితిలోంచి ఏదో ఊరుతోంది, ప్లాస్మాలోకి ఇంకుతోంది, నరాన్ని పిలుస్తోంది. సెయింట్ లూయిస్‌లో ఉన్న తన ప్రయోగశాల పెద్ద విక్టర్ హాంబర్గర్‌కు ఆవిడ ఉత్తరాల మీద ఉత్తరాలు రాస్తున్నారు, పక్కన బొమ్మలు గీసి మరీ.

ఒకసారి ఆవిడ చేతులు చూడండి. పన్నెండేళ్ల కిందట, టురిన్‌లో, కుట్టు సూదులు సానబట్టి కత్తులుగా చేసుకున్న చేతులు ఇవి. 1938లో ముస్సోలినీ ప్రభుత్వం యూదులను విశ్వవిద్యాలయాల నుంచి వెళ్లగొట్టింది. ఆవిడ పడక గదిలోనే ప్రయోగశాల పెట్టుకున్నారు. కోడిగుడ్డు పెంకుకు కిటికీ కోసి, లోపలి పిండానికి మొలుస్తున్న కాలు తీసేసి, ఆ కాలికి వెళ్లాల్సిన నరాలు ఏమవుతున్నాయో చూడటం పని. అప్పటికే ఉద్యోగం పోయిన ఆవిడ గురువు జుసెప్పె లెవీ, ఆ భారీ మనిషి, ఆ ఇరుకు గదిలోకి వచ్చి శిష్యురాలికి సహాయకుడిగా కుదిరారు. బాంబులు పడుతుంటే మైక్రోస్కోపును, స్లైడ్లను చంకనెత్తుకుని నేలమాళిగలోకి దిగేవారు. తర్వాత పల్లెకు మకాం మార్చాక సైకిలు మీద రైతుల ఇళ్లకు వెళ్లి, పుంజు ఉన్న దొడ్లో పెట్టిన గుడ్లే కావాలని, పిల్లలకు బలమని చెప్పి కొనేవారు. ఇంట్లో పిల్లలు లేరు. పని అయిపోయాక మిగిలిన గుడ్లు వంటింటికి వెళ్లేవి, ఆ సంగతి తెలిశాక అన్నగారు ఆమ్లెట్ ముట్టడం మానేశారు.

ఇక్కణ్నుంచి కాస్త వేగంగా నడుద్దాం. 1953లో సెయింట్ లూయిస్‌కు స్టాన్లీ కోహెన్ అనే జీవరసాయన శాస్త్రవేత్త వచ్చారు. కణితి రసాన్ని శుద్ధి చేసే క్రమంలో పాము విషం కలిపి చూస్తే, పోగులు తగ్గాల్సింది పోయి ఎన్నో రెట్లు పెరిగాయి. విషంలోనే ఆ పదార్థం కుప్పలుగా ఉందన్నమాట. పాముకు విషగ్రంథి ఎలాగో ఎలుకకు లాలాజల గ్రంథి అలాగ కదా అని వెతికితే, మగ ఎలుక లాలాజల గ్రంథిలోనూ దొరికింది. అదొక ప్రొటీన్. పేరు నెర్వ్ గ్రోత్ ఫ్యాక్టర్, నరాన్ని పెంచే కారకం. డాక్టర్ల నోట ఎన్‌జీఎఫ్. 1986లో ఇద్దరికీ నోబెల్ వచ్చింది.

ఆ బహుమతి కంటే మనకు ఇవాళ పనికొచ్చేది 1977 నాటి ఒక చిన్న గమనింపు. రీటా, లుయీజీ అలోయె కలిసి పసి ఎలుకలకు ఎన్‌జీఎఫ్ సూదులు వేస్తూ వచ్చారు. నరాల సంగతి సరే, ఆ ఎలుకల కణజాలంలో మాస్ట్ కణాలు విపరీతంగా పెరిగాయి. మాస్ట్ కణాలు నరాలు కావు. దద్దుర్లు లేవడానికి, తుమ్ములు రావడానికి కారణమయ్యే హిస్టమిన్‌ను పొట్టలో నింపుకుని ఉండే రక్షణ కణాలు. నరం కోసం పుట్టిందనుకున్న ప్రొటీన్ ఒంటి కాపలాదారులతో కూడా మాట్లాడుతోంది. ఇందులోంచి ఒక దారి నేరుగా పేగులోకి పోతుందని అప్పట్లో పెద్దగా ఎవరికీ తట్టలేదు.

ఇప్పుడు హైదరాబాద్ రండి. ఒక పెద్దాసుపత్రి మూడో అంతస్తు, ఎండోస్కోపీ గది. ఏసీ చలి. పచ్చ రంగు గౌను తొడుక్కుని ఎడమ పక్కకు తిరిగి, మోకాళ్లు పొట్టలోకి ముడుచుకుని పడుకున్నామెకు ముప్ఫై లోపే. జనగామ దగ్గరి పల్లె, ఇంటి ముందు గదిలో టైలరింగ్. రాత్రంతా పొడి కలిపిన నీళ్లు లీటర్లకు లీటర్లు తాగి, కడుపు కడిగేసుకుని వచ్చింది. పేరు అక్కర్లేదు. ఇలాంటి వాళ్లు ఏ గ్యాస్ట్రో ఓపీకి వెళ్లినా బెంచీ మీద కనిపిస్తారు.

రెండేళ్ల కిందట విరేచనాల్లో రక్తం మొదలైంది. మొలలని చెప్పి ఊళ్లో ఆర్‌ఎంపీ నెలల తరబడి మందులిచ్చాడు. ఆఖరికి పట్నం వచ్చాక అల్సరేటివ్ కొలైటిస్ అని తేలింది, అంటే పెద్దపేగు లోపలి పొర పూసి పుండ్లు పడటం. దీనికి దాయాది క్రోన్స్ వ్యాధి. అది నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా రావచ్చు, పేగు గోడను లోతుగా తినేయవచ్చు. రెంటినీ కలిపి ఐబీడీ అంటారు. ఒకప్పుడు తెల్లవాళ్ల జబ్బు అనుకునేవారు. ఇప్పుడు మన పల్లెల నుంచీ వస్తున్నారు.

మత్తు సూది ఎక్కకముందు ఆమె డాక్టరుతో అంటున్న మాట వినండి.

"రక్తం పడుడు బందైంది సార్. రోజుకు పది పన్నెండు సార్లు పోయేదాన్ని, ఇప్పుడు రెండు మూడు సార్లే. గని కడుపుల నొప్పి పోతలేదు. మెలిపెట్టినట్టు వస్తది. కుట్టు మిషిను తొక్కుకుంట లేచి నిలబడత."

బయట వరండాలో భర్త నర్సుతో అంటున్నది కూడా వినిపిస్తూనే ఉంది. "రిపోర్టులన్నీ నార్మలే వస్తున్నయి మేడం. ఊకె మనసుల పెట్టుకుంటది, అందుకే నొస్తది అంటున్నరు మా ఇంట్ల."

మత్తు ఎక్కింది. గొట్టం లోపలికి పోతోంది. మీరు మానిటర్ వైపు తిరగండి. పురీషనాళం, దాని పైన మెలి తిరిగిన సిగ్మాయిడ్, తర్వాత ఎడమ పెద్దపేగు. గులాబి రంగు గోడ నిగనిగలాడుతోంది. దాని మీద కొమ్మలు వేసుకుంటూ పోయిన సన్నని రక్తనాళాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి. డాక్టరు వెతుకుతున్నది వాటినే. పూత ఉన్నప్పుడు ఆ కొమ్మలు కనిపించవు. గోడ ఎర్రగా ఉబ్బి, గొట్టం తగిలితే చాలు రక్తం చెమర్చుతుంది. ఇక్కడ అలాంటిదేమీ లేదు. అక్కడక్కడ పాత పుండ్ల మచ్చలు తెల్లగా. "మేయో జీరో" అంటారు డాక్టరు, అంటే పూత సున్నా. కంప్యూటరు ముందున్న అమ్మాయి టైపు చేస్తుంది. మలంలో పూతను పట్టిచ్చే కాల్‌ప్రొటెక్టిన్ కూడా మామూలుగానే వచ్చింది. కాగితం మీద ఈమెకు జబ్బు లేనట్టే.

"బయాప్సీ ఫోర్సెప్స్ ఇవ్వమ్మా."

చిన్న పటకారు గోడను కొరికి రెండు మూడు మిల్లీమీటర్ల ముక్క పట్టుకుంది. కెమెరా చూడగలిగింది ఇంతవరకే. ఇక్కణ్నుంచి మనం కెమెరాను వదిలేసి గోడలోకే దిగుదాం. కాలాన్ని కూడా రెండేళ్లు వెనక్కి తిప్పుదాం, పూత రగులుతున్న రోజులకు.

ఒక్క వరస కణాల మందం ఉన్న పైపొర. ఒంట్లో అతి త్వరగా అరిగి, అతి త్వరగా కొత్తగా వచ్చే పొరల్లో ఇదొకటి. నాలుగైదు రోజులకో కొత్త వరస వస్తుంది. ఇప్పుడది చాలాచోట్ల చిరిగిపోయింది. చిరుగుల్లోంచి బ్యాక్టీరియా లోపలికి జొరబడుతోంది. దాని కింద గోతుల్లాంటి గ్రంథుల్లో తెల్ల రక్తకణాలు గుంపులుగా చేరి చీము కట్టాయి. మాక్రోఫేజ్ కణాలు టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్-1 అనే రసాయనాలను చిమ్ముతున్నాయి. వాపు మంట అంటే వీటి పనే. ఖరీదైన ఇంజెక్షన్లు కొన్ని ఆపేది ఈ టీఎన్ఎఫ్‌నే.

ఇప్పుడు ఈ గందరగోళంలో అంతగా పట్టించుకోని రెండు రకాల వాళ్లను చూడండి. ఒకటి, గ్రంథుల మధ్య సందుల్లోంచి పైపొర దాకా పాకిన నరాల కొసలు. పేగు గోడ లోపల పది కోట్లకు పైగా నాడీ కణాలున్నాయి. వాటికి తోడు వెన్నుపాము వైపు నుంచి వచ్చే నరాల కొసలు వేరు. కబురు మెదడుకు మోసేవి ఈ రెండో రకం. రెండోది, ఆ నరాలను అల్లుకుని ఉండే గ్లియా కణాలు. ఇవి నరాలకు గుంజల్లా ఊతమిస్తాయని మాత్రమే చాలాకాలం అనుకున్నారు. 1998లో ఎలుకల పేగుల్లోంచి గ్లియాను ఏరి చంపి చూశారు. రెండు వారాలు తిరక్కుండా చిన్నపేగు భయంకరంగా వాచి ఎలుకలు చనిపోయాయి. ఊతానికి ఉన్నవి పోతే ఇల్లు వాలాలి కానీ తగలబడదు కదా.

టీఎన్ఎఫ్, ఇంటర్‌ల్యూకిన్ వచ్చి తగలగానే పైపొర కణాలు, మాస్ట్ కణాలు, గ్లియా, ఎవరి చేతికందిన మేరకు వారు ఎన్‌జీఎఫ్ వదలడం మొదలుపెట్టారు. రియోలో కణితి చేసిన పనే ఇది, చోటు మారిందంతే. ఐబీడీ రోగుల పేగు ముక్కల్లో ఎన్‌జీఎఫ్ జన్యువు, దాన్ని అందుకునే ట్రాక్-ఏ గ్రాహకం జన్యువు రెండూ మామూలు కంటే ఎక్కువగా పనిచేస్తున్నాయని 2000లో 'గట్' అనే వైద్య పత్రికలో వచ్చింది. అల్సరేటివ్ కొలైటిస్‌లోనూ, క్రోన్స్‌లోనూ.

ఒక ఎన్‌జీఎఫ్ అణువును వెంబడిద్దాం. 118 అమైనో ఆమ్లాల గొలుసులు రెండు వీపులు ఆనించుకుని జంటగా తేలుతున్నాయి. నరం కొస మీద ట్రాక్-ఏ దొరికింది. అతుక్కుంది. వెంటనే రెండు పనులు మొదలవుతాయి. ఒకటి నిమిషాల్లో, ఇంకొకటి రోజుల్లో.

నిమిషాల్లో జరిగేది ఇది. నరం కొస మీద టీఆర్‌పీవీ1 అనే చిన్న తలుపులున్నాయి. ఈ తలుపు సంగతి మనవాళ్లకు వేరే చెప్పాలా? గుంటూరు మిర్చిలోని క్యాప్సైసిన్ నాలుక మీద తెరిచేది దీన్నే. మర్నాడు పొద్దున ఇంకోచోట మండించేది కూడా ఇదే. మామూలుగా 43 డిగ్రీల వేడి తగిలితేనో, కారం తగిలితేనో తెరుచుకుంటుంది. డేవిడ్ జూలియస్ బృందం 1997లో దీన్ని పట్టుకుంది, 2021లో నోబెల్ వచ్చింది. ఎన్‌జీఎఫ్ అతుక్కున్నాక నరం లోపల దాచి ఉంచిన తలుపులు కూడా పైకి వచ్చి నిలబడతాయి, ఉన్నవాటి గడియలు వదులవుతాయి. ఇక అవి తెరుచుకోవడానికి 43 డిగ్రీలు అక్కర్లేదు. కొంచెం ఆమ్లం, ఒంటి వెచ్చదనం చాలు. గాలి కొంచెం ఎక్కువగా చేరి పేగు సాగినా నరం అరుస్తుంది.

రోజుల్లో జరిగేది చూడాలంటే ప్రయాణం చెయ్యాలి. అతుక్కున్న ఎన్‌జీఎఫ్, ట్రాక్-ఏ జంటను నరం కొస లోపలికి మింగేసి ఒక బుడగలో కట్టింది. ఆ బుడగలో మీరూ ఎక్కండి. నరం పోగు మందం మిల్లీమీటరులో వెయ్యో వంతు ఉంటే ఎక్కువ. లోపల పొడుగాటి పట్టాలు, వాటి మీద బుడగను లాక్కెళ్లే మోటారు ప్రొటీన్లు. గంటకు కొన్ని మిల్లీమీటర్ల వేగం. పేగు గోడ దాటాం, కటి భాగంలోని నరాల చిక్కులోకి వచ్చాం, అక్కణ్నుంచి వెనక్కి, వెన్నెముక వైపు. ఇలా కొన్ని రోజులు. చేరిన చోటు వెన్నుపాము పక్కన ఉన్న నరాల ముడి. రియోలో గాజు కింద చూసినది ఈ జాతిదే, అప్పుడది కోడిపిండంది, ఇది ఎదిగిన మనిషిది.

ముడిలోని కణ కేంద్రకానికి కబురు అందింది. ఆ కణం కొత్త సరుకు తయారీకి దిగింది. మరిన్ని టీఆర్‌పీవీ1 తలుపులు, నరం తొందరగా మోగేలా చేసే సోడియం ద్వారాలు, సబ్‌స్టెన్స్ పీ, సీజీఆర్‌పీ అనే సంకేత పెప్టైడ్లు. వీటిలో కొన్ని వెన్నుపాములోకి వెళ్లి మెదడుకు నొప్పి కబురును పెద్ద గొంతుతో చెబుతాయి. మిగిలినవి వచ్చిన దారినే తిరిగి పేగుకు వెళ్లి నరం కొస నుంచి బయటికి ఊరతాయి. అక్కడ రక్తనాళాలు ఉబ్బుతాయి. పక్కనే కాచుకుని ఉన్న మాస్ట్ కణాలు పగులుతాయి. వాటిలోంచి హిస్టమిన్, ట్రిప్టేజ్ బయటపడతాయి, మళ్లీ ఎన్‌జీఎఫ్ కూడా. అది మళ్లీ నరానికి. చూశారుగా, ఈ చక్రానికి ఒకసారి ఊపొస్తే బయటి నుంచి తోసేవాళ్లు అక్కర్లేదు.

మెసాలమిన్ మందు, తర్వాత కొన్నాళ్లు స్టీరాయిడ్. మంట ఆరింది. పైపొర కొత్తగా అల్లుకుంది. రక్తనాళాల కొమ్మలు మళ్లీ కనిపించాయి. నరానికి మాత్రం ఆ రోజులు గుర్తున్నాయి.

ఇది నా ఊహ కాదు. 2010లో లండన్ ఇంపీరియల్ కాలేజీ పరిశోధకులు సరిగ్గా ఈ జనగామ టైలరమ్మలాంటి వాళ్ల పేగు ముక్కలు చూశారు. ఐబీడీ నెమ్మదించింది, అయినా కడుపునొప్పి పోని వాళ్లు. ఐబీడీ నెమ్మదించి నొప్పి కూడా లేని వాళ్లతో పోల్చారు. వాపు లెక్కలో తేడా లేదు. టీఆర్‌పీవీ1 ఉన్న నరం పోగులు మాత్రం నొప్పి ఉన్నవాళ్లలో ఎక్కువగా ఉన్నాయి. పూత నెమ్మదించాక కూడా ఇలాంటి బాధలు మిగిలిపోయే వాళ్లు ముగ్గురిలో ఒకరి దాకా ఉంటారని రకరకాల అధ్యయనాలు చెబుతున్నాయి. అందరిలోనూ దోషం ఎన్‌జీఎఫ్‌దే అనడానికి లేదు. మెదడు పాత్ర ఉంది, పేగులోని సూక్ష్మజీవుల పాత్ర ఉంది. ఒళ్లు చేసిన పని మనసుకు అంటగట్టడం మాత్రం మన ఓపీల్లో, ఇళ్లల్లో ఇంకా తేలిగ్గా జరిగిపోతోంది.

మనసు అన్నాం కాబట్టి, ఫ్రాన్స్‌లో 2004లో జరిగిన ఒక ప్రయోగం చూసి వద్దాం. పుట్టిన ఎలుక పిల్లలను రోజూ కొన్ని గంటలు తల్లి నుంచి విడదీశారు. పెద్దయ్యాక వాటి పేగు కొంచెం సాగదీసినా ఓర్చుకోలేకపోయింది, పైపొర కట్టు కూడా వదులైంది. ఎన్‌జీఎఫ్‌ను అడ్డుకునే యాంటీబాడీ ఇచ్చిన వాటిలో ఈ మార్పులు రాలేదు. పసితనపు దిగులు పేగులో దిగబడాలన్నా ఈ ప్రొటీన్ గుండానే పోవాల్సి వచ్చింది. మనసుల పెట్టుకుంటది అనేవాళ్లకు ఈ ఎలుకలను చూపించాలి.

ఇంకేం, ఎన్‌జీఎఫ్‌ను ఆపేస్తే సరిపోదా?

ఆగండి. ఇంకో ఎలుకల గదిలోకి రండి. 2000వ సంవత్సరం, జర్మన్ పరిశోధకులు. సారాయి కలిపిన టీఎన్‌బీఎస్ అనే రసాయనాన్ని ఎలుకల పెద్దపేగులోకి ఎక్కించి పూత తెప్పించారు. కొన్నింటికి ఎన్‌జీఎఫ్‌ను కట్టేసే యాంటీబాడీ ఇచ్చారు. నొప్పి సంగతి పక్కన పెట్టి పేగును కోసి చూస్తే, యాంటీబాడీ ఇచ్చిన ఎలుకల్లోనే పూత ఇంకా తీవ్రంగా ఉంది. నరం దెబ్బ తినకుండా, గోడ కోలుకునేలా చూసే పని కూడా ఎన్‌జీఎఫ్‌దే. మంటల్లో నరాన్ని కాపాడటానికి వచ్చి, దాన్ని ఉలికిపాటు మనిషిని చేసి వెళ్లింది. ఈ రెండు పనులనూ వేరు చేసే కత్తెర ఇంకా మన చేతికి రాలేదు. నాకు ఈ కథలో అన్నిటికంటే ఆసక్తిగా అనిపించేదీ, చాలా వ్యాసాలు దాటేసేదీ ఇదే. ఎన్‌జీఎఫ్‌ను విలన్‌గా రాస్తే రాత సులువవుతుంది, పేగుకు అన్యాయమవుతుంది.

ఎన్‌జీఎఫ్ సరిగా పనిచేయకపోతే మనిషికి ఏమవుతుందో చూడాలంటే ఉత్తర స్వీడన్ వెళ్లాలి. విట్టంగి అనే మారుమూల ఊరి చుట్టుపక్కల కుటుంబాలు కొన్ని. కాలు విరిగినా తెలియని పిల్లలు. బుద్ధికి ఏ లోటూ లేదు. లోతు నొప్పి మాత్రం అందదు. అందక, దెబ్బ తిన్న కీలు మీదే నడిచి నడిచి మోకాళ్లు, చీలమండలు అరిగి నుజ్జయిపోతాయి. ఎన్‌జీఎఫ్ జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారడమే కారణమని 2004లో తేలింది. ట్రాక్-ఏ చెడితే ఇంకా ఘోరం. నొప్పీ ఉండదు, చెమటా పట్టదు. పసిబిడ్డలు జ్వరంతోనే పోవచ్చు.

కీళ్ల మాట గుర్తుపెట్టుకుని లాప్‌టాప్ తెరవండి. 2021 మార్చి నెలాఖరు వారం, అమెరికా ఆహార, ఔషధ సంస్థ సలహా సంఘం సమావేశం. కరోనా కాలం కాబట్టి అంతా ఆన్‌లైన్. చర్చకు వచ్చిన మందు టానెజుమాబ్, ఎన్‌జీఎఫ్‌ను రక్తంలోనే పట్టేసే యాంటీబాడీ. మోకాళ్లు, తుంటి కీళ్లు అరిగినవాళ్ల నొప్పి కోసం తయారైంది. నొప్పి తగ్గిస్తుంది, అందులో పేచీ లేదు. కానీ కొందరిలో కీలు అనుకున్న దానికంటే ఎంతో వేగంగా కరిగిపోయింది. ఇదే భయంతో 2010లో పరీక్షలు కొన్నాళ్లు నిలిపేశారు కూడా. కంపెనీ చెప్పిన జాగ్రత్తలు పాటిస్తే మేలు ముప్పును మించుతుందా? తెర మీద ఓట్లు పడుతున్నాయి. కాదన్నవారు 19 మంది, అవునన్నది ఒక్కరు. ఆ ఏడాది అక్టోబరులోనే ఫైజర్, లిల్లీ కంపెనీలు ఆ మందును వదిలేశాయి.

అదే దారిలో తయారైన యాంటీబాడీలను కీళ్లనొప్పులున్న కుక్కలకు, పిల్లులకు నెలకో సూది చొప్పున వేస్తున్నారు. ముసలి లాబ్రడార్‌కు దొరికిన వెసులుబాటు దాని యజమానికి దొరకలేదు.

పేగు విషయానికొస్తే చిక్కు రెండింతలు. కీళ్ల భయానికి తోడు జర్మన్ ఎలుకలు ఉండనే ఉన్నాయి. పూత రగులుతున్నప్పుడు ఎన్‌జీఎఫ్‌ను ఆపితే గోడ మానదేమో. పూత ఆరాక ఆపితే, అప్పటికే నరం తన సరుకు తను తయారు చేసుకోవడం అలవాటు చేసుకుందేమో. ఎప్పుడు, ఎక్కడ, ఎంత ఆపాలి అన్నది తేలాలి. ఒళ్లంతా పారే యాంటీబాడీ కంటే, పేగు గోడ దాటకుండా అక్కడే పనిచేసే మందు వైపు మొగ్గడం తెలివైన పని అని నాకనిపిస్తుంది. అలాంటిది మందుల షాపులో ఇవాళ లేదు.

ఈలోగా బయాప్సీ ముక్క పాథాలజీ గదికి చేరింది. మైనంలో పోసి, పల్చటి పొరలుగా కోసి, గులాబి, ఊదా రంగులు అద్దారు. పాథాలజిస్టు పక్కన కూర్చుని మీరూ చూడండి. గ్రంథుల వరస కొంచెం వంకరపోయింది, అది పాత జబ్బు గుర్తు. తెల్లకణాల దాడి లేదు. చీము లేదు. "నెమ్మదించిన కొలైటిస్" అని రాసి సంతకం పెట్టారు. క్రోన్స్ పేగుల్లో నరాల కట్టలు లావెక్కి ఉండటం పాథాలజిస్టులకు పాత పరిచయమే. కానీ ఈ రంగుల్లో సన్నని నరం కొసలు కనిపించవు. వాటికి ప్రత్యేక యాంటీబాడీ రంగులు కావాలి. మామూలు ఆసుపత్రి రిపోర్టులో వాటిని లెక్కపెట్టే గడి లేదు.

వారం తర్వాత, ఓపీ గది. తలుపు దగ్గర నలభయ్యో నంబరు వాళ్లు తోసుకుంటున్నారు. ఆమె ఒళ్లో ఫైలు. పక్క కుర్చీలో భర్త.

"పేగుల పూత మానింది తల్లీ. నొప్పి నువ్వు ఊహించుకున్నది కాదు. పూత ఉన్నప్పుడు నరాలు చిన్న దానికే ఉలిక్కిపడుడు నేర్చుకున్నయి. ఆ అలవాటు ఇంక పోలే," అంటారు డాక్టరు.

ఆమె ఒకసారి భర్త వైపు చూస్తుంది. ఆయన ఫోను జేబులో పెట్టి ముందుకు జరుగుతాడు. "అంటే నొప్పి అసలైందేనా సార్?"

"అసలైందే. రాత్రి పడుకునేముందు ఈ గోళీ, పది మిల్లీగ్రాములు. అమిట్రిప్టిలిన్. మెడికల్ షాపాయన ఇది డిప్రెషన్ మందు అంటడు, గాబరా పడకుండ్రి. దానికిచ్చే డోసు వేరే, చాన ఎక్కువ. ఇది నరం కబుర్లను తగ్గించడానికి. నోరు ఎండుతది, పొద్దున జర మత్తుగ ఉంటది. ఆరు వారాలు చూద్దాం. మెసాలమిన్ మాత్రం బంద్ చెయ్యొద్దు. నొప్పి లేస్తే బ్రూఫెన్ లాంటివి సొంతంగ వేసుకోవద్దు, పూత మళ్ల లేస్తది."

"మిషిను తొక్కొచ్చునా?"

"తొక్కు."

ఆమె ఫైలు మూసి లేచింది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"ఆవకాయ తినొచ్చునా సార్?"

"నెయ్యేసుకొని ఒక్క ముద్ద తిని చూడు. నొస్తే కొన్ని రోజులు ఆపు. నంబర్ నలభై రండి."